పిచ్చుక మీద నాలుగువందల వాట్లు

విలాడ్స్ థోరప్ మా భవనం రెండవ అంతస్తులో, ఎడమవైపు ఇంట్లో ముప్పై ఏళ్ళకు పైబడి నివసిస్తున్నారు. ఇకమీదట ఆయన అక్కడ నివసించవచ్చునా, కూడదా అన్న సంగతి గత నవంబరు సర్వసభ్య సమావేశంలో తేలవలసి వచ్చింది. మా గృహ సంఘం నియమావళి ఈ విషయంలో మొహమాటానికి తావివ్వదు. ఒకే బాధను గురించి మూడు పర్యాయాలు ఫిర్యాదు అందినట్లయితే, ఆ బాధ బుద్ధిపూర్వకంగా కలిగించినదేనని సభ్యులు నిర్ణయించినట్లయితే, సదరు నివాసి ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుంది. మూడవ ఫిర్యాదు అక్టోబరులో అందింది. చేసినవారు ఆయనకు సరిగ్గా కింది ఇంట్లో ఉండే ఆస్తా మోల్గోర్. ఫిర్యాదు సంగీతాన్ని గురించినది.

దానిని సంగీతమని పేర్కొనడానికి నాకు మనసొప్పడం లేదు. పై ఇంట్లో పాట మోగితే కింది ఇంటికి పాట దిగదు. రాగం, పలుకు, మెరుపు అన్నీ కప్పులోనే ఆగిపోతాయి. దభీదభీమనే మోత మాత్రం కాంక్రీటును తొలుచుకొని దిగుతుంది. మాంసమంతా పైన తిని ఎముకలు కిందికి విసిరినట్లుంటుంది. ఆస్తా గారి గాజు బీరువాలోని పళ్ళాలు ఆ మోతకు పళ్ళు కొరికేవి. ఫిర్యాదు విచారణకు వెళ్ళినప్పుడు గృహ సంఘం అధ్యక్షుడినైన నేను ఆ పళ్ళాలను స్వయంగా విన్నాను.

విలాడ్స్ చెడ్డవారు కారు. లిమ్‌ఫియోర్డ్ సముద్రపాయ ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఒకప్పుడు ప్రతి రెండవ ఇంటివారు రేడియోలు తయారుచేసే కర్మాగారంలో పనిచేసినవారే. విలాడ్స్ అక్కడ రేడియోల చెక్కపెట్టెలను చిత్రికపట్టి నునుపు చేసే విభాగంలో యౌవనమంతా గడిపారు. చెక్క కోసే యంత్రాలు కోతకు వచ్చిన పందుల్లా అరిచేవట. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి పెళ్ళికూతురని ఎగతాళి చేసే రోజులవి. ఆయన పెట్టుకోలేదు. భార్య ఆల్బోర్గ్‌కు వెళ్ళిపోయి మరొకరిని వివాహమాడారు. వారి మధ్య పగలేమీ లేవు. క్రిస్మస్‌కు ఆమె ఒక పంది కాలేయపు ముద్ద పంపుతారు, ఆయన ఒక చెక్క గిన్నె పంపుతారు. ఆయనకు మిగిలిన ఆప్తబంధువు ఒకే ఒక గ్రామఫోను పళ్ళెం. పియానో, బాస్, డ్రమ్ము కలిసి ముగ్గురు వాయించిన జాజ్. అందులో ఒకచోట పియానో ఆగుతుంది. డ్రమ్ము వాయించే మనిషి ఇత్తడి తాళాన్ని తీగల కుంచెతో మెల్లగా నిమురుతాడు. మంచు మీద ఎవరో పట్టుబట్ట ఈడ్చుకు పోతున్నట్టు ఉంటుందని విలాడ్స్ అనేవారు. ఆ చప్పుడు కోసమే ఆయన ఆ పళ్ళెం పెట్టేవారు.

కర్మాగారం సిబ్బందికి తక్కువ ధరకు ఇచ్చిన ఇరవై వాట్ల ఆంప్లిఫయర్ ఒకటి ఆయన వద్ద ఉండేది. దాని మీద ఆ కుంచె చప్పుడు చాలా ఏళ్ళు చక్కగా వినపడింది. వినపడక ఏం చేస్తుంది? సోఫాలో కూర్చొని హాయిగా పాట వినే మనిషికి, మామూలు స్పీకర్లున్న మామూలు గదిలో, ఒక్క వాట్ శక్తి కూడా పూర్తిగా ఖర్చు కాదు. డ్రమ్ము మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో పదో పదిహేనో కావలసి రావచ్చు. అంతకు మించినదంతా ఎక్కని ఏనుగుకు మేత. పైగా శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు; చెవి ఒగ్గి వినేవాడికి కాస్త పెరిగిందేమోనన్న అనుమానం కలుగుతుంది, అంతే. రెట్టింపైనట్టు తోచాలంటే పదింతలు కావాలి. ఇవేమీ రహస్యాలు కావు. విలాడ్స్ సభ్యులుగా ఉన్న శుద్ధనాద మండలి వారందరికీ కంఠోపాఠాలే. తెలియనివారు చేసిన తప్పును క్షమించవచ్చు. తెలిసినవారు చేసిన మర్యాదను గురించి వ్రాయవలసి రావడమే రోత కలిగిస్తున్నది.

మండలికి నాయకులు ఫ్రోడే కేరుల్ఫ్. మా భవనంలోనే పై అంతస్తులో ఉంటారు. విశ్రాంత దంతవైద్యులు. నెలకొక గురువారం ఒక సభ్యుని ఇంట్లో పాటలు వినడానికి కూడతారు. కాఫీ ఉంటుంది, మీగడ దట్టించిన పొరల కేకు ఉంటుంది. శబ్దాన్ని పెంచే మీటను ఆ ఇంటి యజమాని తప్ప వేరొకరు ముట్టుకోరాదు. పాట ముగిసిన పిదప అందరూ వంతులవారీగా అభిప్రాయం చెప్పాలి. తీగలను నిందించవచ్చు, స్పీకర్లను నిందించవచ్చు, కరెంటును, గోడలను, తివాచీని నిందించవచ్చు. ఎదుటి సభ్యుని చెవులను మాత్రం ఎన్నడూ శంకించరాదు. ఇది ఎక్కడా వ్రాసిపెట్టిన నియమం కాదు. వ్రాసిన నియమాలనైతే వారు ఉల్లంఘించేవారు.

కొన్నేళ్ళ కిందట విలాడ్స్‌కు కుంచె చప్పుడు సన్నగిల్లింది. ఆయన ఆ సంగతిని మండలి ముందు పెట్టారు. మండలి కళ్ళు మూసుకొని విని, ఆంప్లిఫయర్‌కు నిల్వశక్తి చాలడం లేదని తేల్చింది. ఆయన అరవై వాట్లది కొన్నారు. కొన్నాళ్ళు నయమనిపించింది. మళ్ళీ సన్నగిల్లింది. నూట యాభై వచ్చింది. అదీ చాలలేదు. చివరకు ఇద్దరు మనుషులు పట్టి ఎత్తవలసిన నాలుగువందల వాట్ల ఇనుప పెట్టె ఒకటి మెట్లెక్కింది. దానికి ముందువైపు రెండు గాజు కిటికీలు, వాటిలో శక్తి ఎంత పోతున్నదో చూపే రెండు ముళ్ళు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటారు. ఇక్కడ పిచ్చుక కూడా లేదు.

మూడవ ఫిర్యాదు అందిన మీదట ధ్వని తీవ్రతను ప్రత్యక్షంగా పరిశీలించడానికి నేను, ఆస్తా గారు వెళ్ళాము. ఆ సాయంత్రం మండలి కూడేది విలాడ్స్ ఇంట్లోనేనని మాకు తెలుసు. సాక్షులుంటే మంచిదేనని భావించాము.

ఫ్రోడే మీసాలకు మీగడ అంటుకొని ఉంది. మిగిలిన ఇద్దరు సభ్యులు పళ్ళాలు ఒళ్ళో పెట్టుకొని సోఫాలో కూరుకుపోయి ఉన్నారు. మణికట్టంత లావు తీగలు తివాచీకి తగలకుండా చిన్న చిన్న చెక్కముక్కల మీద పడుకొని ఉన్నాయి. రోగిష్టి పాములకు పరుపులు వేసినట్లుంది.

"రండి రండి, బూట్లు అక్కడే విడవండి," అన్నారు విలాడ్స్. "కేకు తీసుకుంటారా?"

"కేకుకి రాలేదు నాయనా, నీ కొలువు చూడ్డానికొచ్చాం," అన్నారు ఆస్తా గారు.

"ఇవాళైనా పైకొచ్చి వింటున్నారు ఆస్తా గారూ," అన్నారు ఫ్రోడే నవ్వుతూ. "తేడా మీకే తెలుస్తుంది."

"కింద టికెట్టు లేకుండా రోజూ వింటూనే ఉన్నాగా బాబూ."

విలాడ్స్ ఆ జాజ్ పళ్ళెం పెట్టారు. మొదట మామూలుగా మోగించారు. ముళ్ళు రెండూ నిద్ర లేవలేదు. పియానో ఆగినచోట కుంచె చప్పుడు నాకు స్పష్టంగా, ఎంతో నాజూకుగా వినపడింది. ఇంత అందమైనదాన్ని గురించా ఈ గొడవంతా అనుకొన్నాను.

"చూశారా?" అన్నారు విలాడ్స్. "వట్టి మూగ. ఇక్కడ కుంచె రావాలి. ఏదీ?"

ఆయన మీట తిప్పారు. ముళ్ళు కదిలాయి. బాస్ నేలలోంచి నా మోకాళ్ళలోకి ఎక్కింది. "ఇంకా రాలా," అని మరికాస్త తిప్పారు. కాఫీ కప్పులు పళ్ళాల మీద నడవసాగాయి. ఆస్తా గారు రెండు చెవులూ మూసుకున్నారు. "అదిగో! వచ్చింది! లీలగా... విన్నారా?" అన్నారు విలాడ్స్. ఆయన ముఖం వెలిగింది.

పాట ముగిసింది. వంతు ప్రకారం ఫ్రోడే అభిప్రాయం చెప్పారు.

"అద్భుతం రా విలాడ్స్. కాకపోతే, ఏమనుకోకు, పై స్వరాల దగ్గర కొంచెం ఆయాసపడుతోంది పెట్టె. ఆరువందలదైతే ఊపిరి తీసుకుంటుంది."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నారు విలాడ్స్.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో నడవ కప్పు నుంచి ఏదో కీచుమంది. చెవిలో సూది దించినట్టు సన్నని, పదునైన కూత. కాసేపటికి మళ్ళీ కీచుమంది.

"ఏమిటా చప్పుడు?" అని అడిగాను.

"ఏ చప్పుడు?" అన్నారు విలాడ్స్.

మండలి సభ్యులు ముగ్గురూ తమ తమ కేకుల్లోకి చూశారు. నడవలో మళ్ళీ కూత పడింది.

"ఇదిగో, ఇప్పుడు మళ్ళీ!" అన్నారు ఆస్తా గారు.

విలాడ్స్ ఆమెను, నన్ను, తక్కినవారిని ఒకరి తరువాత ఒకరిని చూశారు. "నాకేం..." అని ఆగిపోయారు.

"బయట పక్షేదో అయ్యుంటుంది," అన్నారు ఫ్రోడే.

"నవంబరులోనా? నడవలోనా?" ఆస్తా గారు లేచి వెళ్ళి తల పైకెత్తి చూశారు. "పొగొస్తే మోగాల్సింది ఇది. బ్యాటరీ అయిపోయిందని ఏడుస్తోంది పాపం. ఎన్నాళ్ళ నుంచి ఏడుస్తోంది?"

సోఫాలోని సభ్యులలో ఒకరు గొంతు సవరించుకొన్నారు. "ఈస్టర్‌కి వచ్చినప్పుడే మోగుతోందనుకుంటా."

"ఈస్టర్ నుంచా! మరి చెప్పలేదేం?"

"ఆయనకి అలవాటైపోయిందేమో అనుకున్నాం."

"ఇల్లు తగలబడితే కూడా అలవాటైపోయిందనుకునేవాళ్ళా?"

ఫ్రోడే వేలితో మీసం తుడుచుకొని ఆ వేలు నాకారు. ఒక మనిషి చెవులు పోయాయని అందరికంటే ముందే గ్రహించి, వసంతం నుంచి శీతకాలం దాకా అతని ఇంట్లో మీగడ తింటూ, చెబితే నొచ్చుకుంటాడని అతన్ని నిప్పుకు వదిలిపెట్టిన మర్యాద అది. అంత జుగుప్సాకరమైన మర్యాదను నేను మునుపెన్నడూ చూసి ఎరుగను. విలాడ్స్ మాత్రం కుర్చీ తెచ్చుకొని, దాని మీదికి ఎక్కి, ఆ పరికరం కింద చెవి పెట్టి నిలబడ్డారు. అది కూసినప్పుడల్లా మా ముఖాలను చూసి కూసిందని తెలుసుకొన్నారు.

మరునాడే ఆయన చెవి వైద్యురాలి వద్దకు వెళ్ళారు. తరువాతి వారం సైకిళ్ళ పాకలో నాకు ఎదురయ్యారు.

"లక్ష రెట్లటండి," అన్నారు ఏ పీఠికా లేకుండా.

"ఏమిటి లక్ష రెట్లు?"

"ఆ కుంచె చప్పుడు నాకు మునుపటిలా వినపడాలంటే అంత శక్తి కావాలట. గీత గీసి చూపించింది డాక్టరమ్మ. బానే వచ్చి వచ్చి, పైస్వరాల దగ్గర కొండ మీంచి దూకినట్టు పడిపోయింది. ఆరువందల వాట్లదైతే ఎలా ఉంటుందండీ అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది."

"చెవికి పెట్టుకొనే యంత్రం ఇస్తారా?"

"కొత్త సంవత్సరం తర్వాత. పైస్వరాలని మాత్రమే పెంచుతుందట, చెవి లోపలే. కిందివాళ్ళకి తెలీనే తెలీదట." సైకిలు గంటను ఊరికే నొక్కి చూశారు. "చూడండి, సమావేశంలో ఈ చెవుల మాట రాకుండా కుదరదా? పెట్టెలో ఏదో లోపమని చెప్పేద్దాం."

"పెట్టెలో లోపముంటే సరిచేసుకోమని రెండుసార్లు చెప్పాం విలాడ్స్ గారూ. చేసుకోలేదంటే అది బుద్ధిపూర్వకం కిందికే వస్తుంది. ఇల్లు పోతుంది. చెవిలో లోపమైతే సంగతి వేరు."

"అంటే ఇల్లు కావాలంటే చెవులిచ్చెయ్యాలంటారు."

"లోపముందని ఒప్పుకోమంటున్నాను."

"మా మండలిలో రెండూ ఒకటేనండి," అని ఆయన సైకిలును బయటికి నడిపించుకొని వెళ్ళిపోయారు. చెవులు పోయినవాడికి మండలిలో అభిప్రాయం చెప్పే వంతు ఉండదు. వంతు లేనివానికి గురువారం ఉండదు. ఆ గురువారాలు తప్ప ఆ ఇంటి తలుపు తట్టేవారెవరూ లేరన్నది నాకు తెలియనిది కాదు.

సర్వసభ్య సమావేశం నేలమాళిగలో, బట్టలుతికే గది పక్కనున్న హాలులో జరిగింది. తడి బట్టల వాసన, కాఫీ వాసన కలిసిపోయి ఉన్నాయి. విలాడ్స్ మొదటి వరుసలో కూర్చున్నారు. నేను ఫిర్యాదులను చదివి, సమాధానం చెప్పమని ఆయనను కోరాను. ఆయన లేవడానికి కుర్చీ చేతులు పట్టుకొన్నారు, కాని లేవలేదు. ఈలోగా వెనుకవైపు నుంచి ఫ్రోడే లేచారు.

"నన్ను మాట్లాడనివ్వండి," అన్నారు. గొంతు నిండా మిత్రవాత్సల్యం. "ముప్పై ఏళ్ళుగా వీడి పక్కన కూర్చుని వింటున్నాను. మా అందరిలోకీ సూక్ష్మమైన చెవులు వీడివే. చెవుల మీద ఎవరో ఏదో అంటున్నారని విన్నాను. శుద్ధ అబద్ధం. ఏం వాయిస్తున్నాడో, ఎంత గట్టిగా వాయిస్తున్నాడో వీడికి అణువణువూ తెలుసు!"

ఆయన కూర్చోకముందే ఆస్తా గారు అందుకొన్నారు. "విన్నారుగా అందరూ? అన్నీ తెలిసే చేశాడట. స్నేహితుడే చెబుతున్నాడు. ఇంకా మాట్లాడుకోడానికేముంది? ఓట్లేద్దాం."

హాలులో తలలు ఊగాయి. ఫ్రోడేకు తాను చేసినదేమిటో అప్పటికైనా అర్థమయిందో లేదో నాకు తెలియదు. అర్థమయినా దిద్దుకొనే మనిషి కాదు. దిద్దుకోవాలంటే నిజం చెప్పవలసి ఉంటుంది. ఉరితాడు పేనిన మనిషి పూలదండ వేసిన ముఖంతో చేతులు కట్టుకొని నిలబడ్డారు.

విలాడ్స్‌కు వెనుకనుంచి వచ్చిన మాటలు సగమే అందాయి. పక్కనున్నావిడను అడిగారు. ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆయన లేచి వెనక్కి తిరిగారు.

"ఫ్రోడే, కూర్చోరా."

"నేను నీ మంచికే..."

"కూర్చో." హాలును ఉద్దేశించి మాట్లాడసాగారు. ఆయన గొంతు అవసరానికి మించి గట్టిగా ఉంది; అదీ ఆయనకు తెలియలేదు. "నాకు వినపడదు. పెట్టె బానే ఉంది. మొదటి పెట్టె కూడా బానే ఉండేది. పాడైంది నేను. ఆస్తా గారూ, కింద మీరేం విన్నారో నాకు తెలీదు. పైన నేను వినాలనుకున్నది మాత్రం నాకు వినపళ్ళేదు. అది వినపడేదాకా తిప్పుతూ పోయాను. అంతే జరిగింది."

బట్టలుతికే యంత్రమొకటి పక్క గదిలో తిరుగుతూ ఉంది.

"నీకు వినపడకపోతే నా నిద్ర నాకు తిరిగొస్తుందా?" అన్నారు ఆస్తా గారు. ఆమె మెత్తబడలేదు, మెత్తబడవలసిన అవసరమూ లేదు. "ఆ ఇనప్పెట్టె తీసేస్తావా?"

"తీసేస్తా."

"ఎప్పుడు?"

"రేపే. ఇద్దరు మోయాలి. మీరో చెయ్యేస్తారా?"

"మెట్ల మీంచి తొయ్యడానికైతే వస్తా," అన్నారామె. ఎవరో నవ్వారు. తరువాత చాలామంది నవ్వారు.

చేతులెత్తమని కోరాను. ఆయన ఇల్లు ఆయనకే ఉండాలని ఎక్కువమంది చేతులెత్తారు. ఆస్తా గారు కూడా, ముఖం చిట్లించుకొనే, ఎత్తారు. ఫ్రోడే ఎటూ ఎత్తలేదు.

కాఫీ పోసుకొంటున్న సమయంలో ఫ్రోడే జనంలోంచి దారి చేసుకొని విలాడ్స్ వద్దకు వచ్చారు. భుజం మీద చేయి వేశారు. రొట్టెల బల్ల వద్ద నేను పక్కనే ఉన్నందున నాకు వినపడింది.

"ఇంతమందిలో ఆ మాట అనాల్సింది కాదు రా," అన్నారాయన నోరు కదిలీ కదలకుండా. "వచ్చే గురువారం మావాళ్ళకి ఏమని చెప్పను? నువ్వు కొన్నాళ్ళు రాకుండా ఉంటేనే మర్యాదేమో."

"ఏంటి?" అన్నారు విలాడ్స్.

ఫ్రోడే అటూ ఇటూ చూసి, ఇంకా తగ్గు గొంతుతో అదే మాట తిరిగి చెప్పారు.

"గట్టిగా చెప్పరా," అన్నారు విలాడ్స్, చెవి వెనుక అరచేయి ఒగ్గి. ఆయన గొంతుకు హాలంతా ఇటు తిరిగింది. "నాకు వినపడదని ఇప్పుడేగా చెప్పాను. అందరికీ వినపడేట్టు చెప్పు, అప్పుడు నాకూ వినపడుతుంది."

ఫ్రోడే పెదవులు తడుపుకొన్నారు. ఏమీ లేదు, తరువాత మాట్లాడదామన్నట్టు చేయి ఊపి, కోటు కోసం కొక్కేల వైపు నడిచారు. విలాడ్స్ అరచేయి చెవి వెనుకనే ఉంచుకొని, ఆయన గుండీలన్నీ పెట్టుకొని బయటికి వెళ్ళేదాకా ఓపికగా వేచి ఉన్నారు.